హైటెన్షను తీగెల ప్రణాళికలో రైతునకు గల చోటు



మన పొలములమీదుగా ఉక్కు టవర్లు నిలిపి, వానిపై హైటెన్షను తీగెలు లాగుట నానాటికి హెచ్చుచున్నది. ఈ తీగెలు ఎందులకు వచ్చుచున్నవి, వాని దారిని ఎవరు నిర్ణయించుచున్నారు, ఖర్చు ఎవరి నెత్తిన పడుచున్నది, రైతు తన మాటను ఏ ఘట్టమున చెప్పిన చెల్లును అను నాలుగు సంగతులను ఈ వ్యాసమున విశదపరుప దలచినాను.

మొదట నా అనుభవములోని సంగతి యొకటి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక మెట్ట గ్రామమున పనిచేయుచుండగా, రెండెకరముల రైతొకడు నా సలహాపై నలుబది మామిడి అంట్లు నాటెను. కడవలతో నీరు మోసి, ముండ్లకంచె కట్టి, వానిని పసిబిడ్డలవలె సాకెను. మూడవ యేట మాఘమాసమున తొలిపూత కనబడెను. ఆ మాసముననే కొందరు మనుష్యులు వచ్చి చేనిలో సున్నముతో గుర్తులు వేసిరి. పది దినములలో గోతులు త్రవ్విరి. ఇరువదియారు చెట్లు నరకబడెను. చెట్లకు కొంత పైకము ముట్టినమాట నిజమే. అయినను ఆ రైతు నా యొద్దకు వచ్చి, “అయ్యా, తీగ ఈ దారిన వస్తుందని ముందే తెలిసుంటే అంట్లు ఆ పక్క గట్టున పెట్టుకొనేవాణ్ణి గదా” అని మాత్రము అనెను.

విచారింపగా, ఆ లైను పోవు గ్రామముల పేర్లతో కూడిన ప్రకటన, మేము అంట్లు నాటుటకు రెండు నెలల ముందే దినపత్రికలో పడియుండెను. ఆ పత్రిక మా కచేరీ బల్లమీదికి వచ్చినదే. నేనును పుట త్రిప్పి, వేరుసెనగ ధరలు చూచుకొని, మడిచి పెట్టితిని. తీగెల సంగతి వ్యవసాయ శాఖవారికి సంబంధించినది కాదని ఆనాడు నేను తలచుటయే పొరపాటు. ఆ పొరపాటు మరియొకరు చేయకుండవలెనని ఇది వ్రాయుచున్నాను.

కాలువయు తీగెయు

డెల్టా ప్రాంతమున పుట్టినవారికి ఈ సంగతి సుళువుగా బోధపడును. ఆనకట్ట వద్ద బయలుదేరిన పెద్దకాలువ ఎన్నియో గ్రామములగుండా పోవును. దాని గట్టుననే పొలమున్నను, తూము లేనిదే చుక్క నీరు పొలమునకు రాదు. పెద్దకాలువనుండి పిల్లకాలువలు, పిల్లకాలువలనుండి బోదెలు చీలిన తరువాతనే మడి తడియును. విద్యుత్తును అట్టిదే. 132, 220, 400, 765 కిలోవోల్టుల లైనులు పెద్దకాలువల వంటివి. సబ్‌స్టేషను తూము వంటిది. అచ్చట ఒత్తిడి తగ్గించి 33 కిలోవోల్టుల తీగెలపైకిని, పిదప 11 కిలోవోల్టుల తీగెలపైకిని వదలుదురు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు బోదె వంటిది. కావున టవరు మన చేనిలో నున్నంత మాత్రమున మన మోటారునకు మంచి వోల్టేజి వచ్చునని తలచుట పొరపాటు.

ఇంత హెచ్చు ఒత్తిడి యెందులకని కొందరడుగుదురు. తీగెలో పోవు కరెంటు రెట్టింపైన, వేడిమి రూపమున నష్టమగు శక్తి నాలుగు రెట్లగును. అదే శక్తిని రెట్టింపు వోల్టేజితో పంపినచో కరెంటు సగమగును, అదే తీగెపై నష్టము నాలుగవ వంతునకు తగ్గును. దూరము హెచ్చినకొలది వోల్టేజి హెచ్చించుటకు కారణమిదే.

కొత్త లైనులు ఇప్పుడే ఇన్ని వచ్చుటకును కారణము కలదు. పూర్వము మాచ్‌ఖండ్, నాగార్జునసాగరము, విజయవాడ, రామగుండము వంటి కొద్ది చోట్లనే విద్యుత్తు పుట్టి నలుదెసల పోవుచుండెను. ఇప్పుడు ఎండనుండియు గాలినుండియు విద్యుత్తు తీయుచున్నారు. అది అనంతపురము, కర్నూలు, కడప మొదలగు సీమలలో హెచ్చుగా పుట్టుచున్నది. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలారు పార్కు 2017లో పనిచేయ మొదలిడెను. పుట్టుచోటు మారినందున దారియు మారవలసి వచ్చినది. 2030 నాటికి దేశమున 500 గిగావాట్లకు మించిన ఇట్టి విద్యుత్తును చేర్చుటకు 50,890 సర్క్యూటు కిలోమీటర్ల లైనులును, 2.44 లక్షల కోట్ల రూపాయలును కావలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబరులో లెక్కకట్టినది. 2024 అక్టోబరులో వెలువడిన జాతీయ ప్రణాళికలో 2032 వరకు కాగల మొత్తము ఖర్చు 9.15 లక్షల కోట్లుగా చూపబడినది. ఈ తీగెలలో హెచ్చుభాగము పోవునది పొలముల మీదుగానే గదా.

ప్రణాళిక లెక్క ఎట్లు వేయుదురు

లైను వేయుటకు ముఖ్యముగా రెండు కారణములుండును. మొదటిది భద్రత. ఒక లైను తెగినను ఊళ్లు చీకటిలో పడకుండుటకు రెండవ దారి యుండవలెను. రెండవది ఆదాయవ్యయముల లెక్క. సంతనాడు బండ్లన్నియు ఇరుకు వంతెన దగ్గర ఆగిపోయినచో, ఆవలి ఒడ్డున చౌకగా దొరకు ధాన్యము ఈవలికి రాదు. ఈవలివారు తమ దగ్గరనున్న ప్రియమైన ధాన్యమునే కొనవలసివచ్చును. లైను ఇరుకైనచో విద్యుత్తునకును ఇదే గతి. చౌక విద్యుత్తు ఒక మూల మిగిలిపోవును, వేరొక మూల ప్రియమైన విద్యుత్తు కొనవలసివచ్చును. వంతెన వెడల్పు చేయుటకగు ఖర్చునకంటె, చౌక సరుకు వలన మిగులు పైకము హెచ్చైనచో ఆ పని లాభకరము. లేనిచో దండుగ. ప్రణాళికలోని ఆర్థిక విచారణ యనగా ముఖ్యముగా ఇదియే.

ఈ లెక్క ఒక యేటిది కాదు. ప్రసార లైను ఆయుర్దాయమును 35 సంవత్సరములుగా ఎంచుదురు. ఆ కాలమంతయు దాని పెట్టుబడి, వడ్డీ, తరుగుదల, మరమ్మతులు విద్యుత్తు ధరలో కలియుచుండును. సేద్యపు పంపుసెట్లకు 2004 నుండి ఉచిత విద్యుత్తు వచ్చుచున్నందున ఇది మనకు పట్టదనరాదు. మన యింటి బిల్లులోను, పిండిమరలోను, ధాన్యపు మిల్లులోను ఆ ఖర్చు కలదు. ఉచితముగా ఇచ్చిన దానికి ప్రభుత్వము ఖజానానుండి చెల్లించు సబ్సిడీయు మన పన్నుల పైకమే. అనగా రైతు ఈ పనిలో రెండు విధములుగా భాగస్వామి. భూమిపై భారము మోయువాడును అతడే, లైను ఖర్చులో పాలుపంచుకొనువాడును అతడే.

ఇక భూమి లెక్క చూతము. లైను క్రింద విడిచిపెట్టవలసిన దారి వెడల్పు 132 కిలోవోల్టులకు సుమారు 27 మీటర్లు, 220కి 35 మీటర్లు, 400కి 46 మీటర్లు, 765కి 67 మీటర్లు. 220 కిలోవోల్టుల లైను ఒక కిలోమీటరు పోయినచో దాని దారిలోనికి 8 ఎకరముల 65 సెంట్లు వచ్చును. 400 కిలోవోల్టుల లైనునకు సుమారు 11 ఎకరముల 37 సెంట్లగును. ఆ దారిలో వరి, మిరప, వేరుసెనగ వంటి పొట్టి పైరులు వేయవచ్చును. కొబ్బరి, టేకు వంటి ఎత్తైన చెట్లు పెంచరాదు, ఇల్లు గాని పాక గాని కట్టరాదు, బోరు వేయు బండిని ఎత్తుటయు అపాయకరము. కొనువాడు వచ్చినప్పుడు మొదట తీగె వంక చూచును, పిదప ధర తగ్గించి అడుగును.

ఈ నష్టమును ప్రణాళిక వేయువారు సరిగా లెక్కలోనికి తీసికొననిచో, వారి కాగితముపై చౌకగా కనబడు దారి నిజమునకు చౌక కాదు. తోటలగుండా పోవు పది కిలోమీటర్ల తిన్నని దారికంటె, బీడుభూమి మీదుగా పోవు పదునొకండు కిలోమీటర్ల దారి దేశమునకు తక్కువ ఖర్చు కావచ్చును. ఏది తోట, ఏది బీడు, ఏ బావిలో వేసవిలో నీరు నిలుచును అను సంగతులు పటములో అన్నియు కనబడవు. అవి ఊరివారికి తెలియును. కావుననే వారినడుగుట మర్యాదకొరకు మాత్రమే కాదు, లెక్క సరిగా వచ్చుటకొరకు కూడ.

ఆ బల్ల చుట్టును ఎవరున్నారు

2003 విద్యుత్ చట్టములోని 38, 39 సెక్షనుల ప్రకారము కేంద్ర, రాష్ట్ర ప్రసార సంస్థలు ప్రణాళికను సిద్ధపరచునప్పుడు ప్రభుత్వములతోడను, ఉత్పత్తి కంపెనీలతోడను, లైసెన్సుదారులతోడను, ఇతర విద్యుత్ సంస్థలతోడను సంప్రదించి సమన్వయము చేయవలెను. ఆ జాబితాలో రైతు పేరు లేదు. కాని జాబితా చివర, ప్రభుత్వము ఇందుకొరకు ప్రకటించు ఇతర వ్యక్తి యెవరైనను అను మాట కలదు. సహకార సంఘముల సమాఖ్యవంటి దానికి ఆ ద్వారమున చోటిమ్మని ప్రభుత్వమును అడుగుటకు అడ్డమేమియు లేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.

అమెరికాలో ఈ విషయమై జరిగినది గమనింపదగినది. అచ్చటి కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ 2007లో 890వ నంబరు ఉత్తర్వు వెలువరించి, ప్రసార కంపెనీలు తమ ప్రణాళికా సభలను ఖాతాదారులకును, సంబంధముగల ఇతరులకును తెరచియుంచవలెనని శాసించెను. లెక్కలకు ఆధారములైన అంచనాలను చూపవలెను, వివాదము తీర్చు పద్ధతి యేర్పరుపవలెను, ఖర్చు ఎవరు భరించవలెనో ముందే తేల్చవలెను. అంతియేకాక, ఫలాని ఇరుకు తొలగించిన ఎంత లాభమో విచారించి చెప్పుడని కోరు హక్కును సంబంధముగలవారికి ఇచ్చెను. ఆ దేశపు పద్ధతులన్నియు మనకు పొసగవు. అయినను లెక్క ముగిసిన తరువాత చూపుటకును, లెక్క వేయునప్పుడే కూర్చుండబెట్టుటకును గల భేదమును ఆ ఉత్తర్వు గుర్తించినది.

రైతు అంగీకారము అవసరమా

ఇది అందరును తెలిసికొనవలసిన సంగతి. కాలువకు భూమిని సేకరించినచో భూమి ప్రభుత్వపరమగును. తీగె కొరకు భూమిని సేకరింపరు. పట్టా మన పేరనే యుండును, భూమి వాడుకపై మాత్రము కట్టుబాటు పడును. 2003 చట్టపు 164వ సెక్షను క్రింద ప్రభుత్వము అధికారమిచ్చినచో, లైను వేయు సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫు చట్టములోని అధికారములు వచ్చును. ఆ పాత చట్టమునకు బదులుగా 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టము చేయబడినను, విద్యుత్తు లైనుల విషయమున పాతచట్టపు మూడవ భాగము నిలుపబడినది. ఈ అధికారము గల సంస్థ భూస్వామి ముందస్తు అంగీకారము పొందనక్కరలేదని సుప్రీంకోర్టు తీర్పుకూడ కలదు. అడ్డుపడినచో జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో పని సాగింతురు.

అయితే ఆ చట్టమే సంస్థపై రెండు బాధ్యతలుంచినది. సాధ్యమైనంత తక్కువ నష్టము చేయవలెను. కలిగిన నష్టమునకు, సంబంధముగల వారందరికిని పూర్తి పరిహారమీయవలెను. సంబంధముగల వారందరు అనగా పట్టాదారు మాత్రమే కాదు. పైరు పెట్టిన కౌలుదారునకును ఇందు పాలు కలదు. పరిహారము చాలనియెడల జిల్లా జడ్జి యెదుట దరఖాస్తు చేసికొనవచ్చును.

పరిహారపు లెక్కలో ఇటీవల మార్పులు వచ్చినవి. 2015 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము, టవరు నాలుగు కాళ్ల నడిమి స్థలమునకు భూమి వెలలో నూటికి 85 చొప్పునను, తీగెల దారికి నూటికి 15కు మించకుండను ఇయ్యవలెనని సూచించెను. 2024 జూనులో దానిని మార్చి, కాళ్ల నడిమి స్థలమునకు ప్రతి ప్రక్కను ఒక మీటరు కలిపి, దానికి వెలకు రెండింతలును, దారికి నూటికి 30 చొప్పునను సూచించెను. 2025 మార్చిలో అంతర్రాష్ట్ర లైనులను గూర్చి మరియొక అనుబంధము వచ్చి, మార్కెట్టు వెలను ఆధారముగా చేసికొనుటకు మార్గమేర్పడినది. ఇవి కేంద్రపు సూచనలు. రాష్ట్రములోపలి లైనులకు రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తర్వు ఏది అమలులోనున్నదో కలెక్టరు కచేరీలో వ్రాతమూలముగా తెలిసికొనవలెను.

ఒక ఉదాహరణము చూడుడు. ఎకరము 10 లక్షలు వెలగల చేనిలో 220 కిలోవోల్టుల లైను 60 మీటర్ల పొడవున పోవుచున్నదనుకొందము. దారి 60 మీటర్లు పొడవు, 35 మీటర్లు వెడల్పు, సుమారు 52 సెంట్లు. వెల 5,20,000 రూపాయలు. టవరు కాళ్ల నడిమి దూరము 8 మీటర్లనుకొందము. 2015 సూచన ప్రకారము టవరు స్థలము 1.6 సెంట్లు, పరిహారము 13,600 రూపాయలు. దారికి హెచ్చుకు హెచ్చు 78,000. మొత్తము 91,600. 2024 సూచన ప్రకారము టవరు స్థలము ప్రక్క మీటర్లతో 2.5 సెంట్లు, పరిహారము 50,000. దారికి 1,56,000. మొత్తము 2,06,000. పైరునకును చెట్లకును కలిగిన నష్టము వేరు. గోతులు త్రవ్వునప్పుడు, టవరు ఎత్తునప్పుడు, తీగె లాగునప్పుడు మూడు మారులు పైరు చెడవచ్చును. మూడు మారులును వేర్వేరుగా పంచనామా వ్రాయించుకొనవలెను.

ఇందులో గ్రహింపవలసినది వేరొకటి కలదు. పరిహారము హెచ్చినకొలది లైను ఖర్చు హెచ్చును. ఆ ఖర్చు తుదకు బిల్లులు చెల్లించువారందరిపై పడును. పని ఆగిపోయినచో పెట్టుబడిపై వడ్డీ పెరుగును, అదియు అచ్చటికే చేరును. కావున తక్కువ నష్టము గల దారిని మొదటనే వెదకుట రైతునకే కాదు, పట్టణమున దీపము వెలిగించుకొనువానికిని లాభమే.

ఏ ఘట్టమున ఏమి మారును

మొదటి ఘట్టము పెట్టుబడి ప్రణాళిక. రాష్ట్ర ప్రసార సంస్థ అయిదేండ్లకొకమారు తన పెట్టుబడులను, రాబడిని విద్యుత్ నియంత్రణ మండలి యెదుట దాఖలు చేయును. ఇప్పటి కాలము 2024-25 నుండి 2028-29 వరకు. దానిపై ప్రకటన వెలువడును. ఎవరైనను ఆక్షేపణలు, సూచనలు వ్రాసి పంపవచ్చును, బహిరంగ విచారణలో మాటాడవచ్చును. ప్రజల మాటలను విచారించి 120 దినములలో ఉత్తర్వు చేయవలెనని 64వ సెక్షను చెప్పుచున్నది. ఈ ఘట్టమున, ఈ లైను అసలు కావలెనా, ఉన్న టవర్లపైననే రెండవ సర్క్యూటు లాగరాదా, పాత తీగె తీసి హెచ్చు కరెంటు మోయు తీగె వేయరాదా, మా మండలమునకు సబ్‌స్టేషను ఎప్పుడు అను ప్రశ్నలన్నియు వేయవచ్చును. ఇంచుమించు సమస్తమును మారుటకు వీలుగలది ఈ ఘట్టమే. మనవారు కనబడనిదియు ఈ ఘట్టముననే.

రెండవది దారి ప్రకటన. 164వ సెక్షను అధికారము కోరునప్పుడు, లైను పోవు గ్రామముల పేర్లతో గెజెట్టులోను, దినపత్రికలలోను ప్రకటించి, రెండు నెలలు గడువిచ్చి ఆక్షేపణలు కోరుట పద్ధతి. సాధారణముగా మూడు దారులను పోల్చి ఒకదానిని ఎన్నుకొందురు. మూడింటి పటములను చూపుమని ఈ గడువులోననే అడుగవలెను. పోటీ టెండరు మీద ఇచ్చు లైనులలో ఇది మరింత ముఖ్యము. టెండరు గెలిచినవాడు 35 సంవత్సరముల రుసుమును ముందే ఖాయపరచుకొనును. ఆ తరువాత దారి వంపు చేసిన ఖర్చు తన చేతినుండి పోవునని అతడు సులభముగా ఒప్పుకొనడు.

మూడవది పొలములో తుది కొలత. ఇప్పటికి దారి చాలవరకు స్థిరపడును. 220 కిలోవోల్టుల లైనులో టవరునకు టవరునకు సుమారు 350 మీటర్ల దూరముండును. తిన్నని వరుసలో టవరును కొంత ముందునకో వెనుకకో జరిపి చేని నడుమనుండి గట్టుమీదికి తెచ్చుట తరచు సాధ్యము. దారినే వంచుట కష్టము, ఏలయన వంపు దగ్గర నిలుపు టవరు బరువైనది, ఖర్చైనది.

నాలుగవది గోతులు త్రవ్వు దినము. ఆనాడు మిగులునది పరిహారపు మాట యొక్కటే. మనవారిలో పెక్కుమంది మాటాడ మొదలిడునది ఆనాడే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు గదా.

సంఘము చేయదగిన పనులు

1. చదువువచ్చిన సభ్యునొకనిని ప్రకటనలు చూచుటకు నియమింపవలెను. మన గ్రామము పేరు కనబడిన దినముననే సంఘపు బోర్డున అంటించి, ఊర దండోరా వేయింపవలెను.

2. సర్వే నంబర్ల వారీగా బావులు, బోర్లు, తోటలు, భూమిలోని పైపులు, కౌలుదారుల పేర్లు గల రిజిస్టరు వ్రాసియుంచవలెను. ఇది ఏటేట తిరుగవ్రాయవలెను.

3. దారి పటములు, ఖర్చు అంచనాలు 2005 సమాచార హక్కు చట్టము క్రింద కోరవలెను. ముప్పది దినములలో జవాబు రావలెను.

4. రెండు నెలల గడువులోపల మహాసభ చేసి తీర్మానము పంపవలెను. వద్దు అని మాత్రమే వ్రాసిన కాగితమునకు విలువ తక్కువ. ఈ బీడుమీదుగా పోనిండు, ఈ తోట తప్పును, దూరమింత పెరుగును అని లెక్కతో వ్రాసిన కాగితమునకు జవాబు చెప్పక తప్పదు.

5. కొలతనాడు సంఘ ప్రతినిధులు ఇద్దరు గొలుసు వెంట నడువవలెను. కోత ముగిసిన తరువాతనే గోతులు త్రవ్వవలెనని కోరవలెను.

6. పరిహారపు లెక్కను సంఘపు కచేరీలో అందరకు చదివి వినిపింపవలెను. ఎవని కెంత వచ్చెనో దాపరికముండరాదు.

ఒక్క హెచ్చరిక

ఈ పనిని ఒంటరిగా చేయబూనినచో కీడు కలుగును. పలుకుబడిగలవాడు తానొక్కడే వెళ్లి, తన తోటమీదినుండి తీగెను తప్పించుకొనవచ్చును. అది ఆకాశమునకు పోదు. పలుకుబడి లేనివాని చేనిమీద, విధవరాలి అరయెకరముమీద, కౌలురైతు మిరపమీద పడును. ఇట్టి వంపులు లైనుల వెంట నడచువానికి అక్కడక్కడ కంటబడుచునే యుండును. సంఘమున కూర్చుండి, ఏ దారిన పోయిన మొత్తమునకు నష్టము తక్కువ, ఆ నష్టము మోయువానికి ఏమి చేయవలెను అని అందరెదుట తేల్చుకొనుటయే ధర్మము. అందరి మేలునకై తన పొలమున టవరు నిలుపనిచ్చినవానికి ఊరు కృతజ్ఞత చూపవలెను.

విద్యుత్తు సంగతి మనకేమి తెలియునని జంకనక్కరలేదు. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘము, పల్లెటూరి సభ్యులతోడనే తీగెలు వేసి, బిల్లులు వ్రాసి, పంపిణీ సాగించుచు వచ్చినది. పంపిణీయే నడుపగలిగిన సహకారులకు ఒక పటము చదివి తీర్మానము వ్రాయుట అసాధ్యమా?

తీగెలు రావలసినవే. మన పంపుసెట్టునకును, మన పిల్లల చదువు దీపమునకును అవి కావలెను. ఏ దారిన, ఎవరి ఖర్చున, ఎవరినడిగి అనునవి మాత్రమే మన ప్రశ్నలు. ఆ ప్రశ్నలు గునపము దిగిన తరువాత కాక, దారి కాగితముమీద నున్నప్పుడే వేయవలెను.

నేనిప్పుడు ఏ గ్రామమున తోట వేయుమని సలహా చెప్పినను, నేలను, నీటిని విచారించినట్లే, ఈ దారిన లైను ప్రకటనయేదైన వచ్చెనాయని కూడ విచారించుచున్నాను. ఆ మామిడి రైతు మిగిలిన పదునాలుగు చెట్లను పెంచుకొనుచు, తీగెక్రింది నేలలో వేరుసెనగ వేసికొనుచున్నాడు. కిందటి వేసవిలో నాకు బుట్టెడు పండ్లు పంపెను. వానిని పుచ్చుకొనునప్పుడు నాకు కొంత సిగ్గు కలిగినది.